బెంగళూరు పీణ్యలో జాబ్ ఎవాల్యుయేషన్ చేయించుకున్నాం: పని బాగానే చూశారు, మార్కుల దగ్గరే తేడా కొట్టింది

ముందే చెప్పేస్తున్నా, అయిదుకి మూడు స్టార్లు. అందులో రెండున్నర వాళ్ళు పంపిన ఒక్క అమ్మాయికే. కన్సల్టెన్సీ పేరు మాత్రం అడక్కండి, ఆఖరి బిల్లు ఇంకా సెటిల్ కాలేదు.

మాది పీణ్యలో గేర్లు, షాఫ్టులు చేసే యూనిట్. ఓనర్ గారిది గుంటూరు వైపు. షాపులో సగం మంది హిందూపురం, కదిరి, మదనపల్లె వాళ్ళు, మిగతావాళ్ళలో తుమకూరు వైపు నుంచి వచ్చేవాళ్ళు ఎక్కువ. నేను హెచ్‌ఆర్ చూస్తాను. మా జీతాల పద్ధతి ఏంటయ్యా అంటే, చేరేటప్పుడు గట్టిగా అడిగినవాడికి ఎక్కువ, మొహమాటపడ్డవాడికి తక్కువ, అంతే. "నాకూ అతనికీ తేడా ఏంటి మేడమ్" అని ఎవరైనా వచ్చి నిలబడితే చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు. అందుకే ఇచ్చాం ఈ పని: ముందు ఒక్కో ఉద్యోగంలో నిజంగా ఏం జరుగుతోందో రాసుకోవాలి, తర్వాత వాటికి పాయింట్లు వేసి గ్రేడ్లు కట్టాలి. మొదటిది జాబ్ అనాలిసిస్, రెండోది జాబ్ ఎవాల్యుయేషన్. రెంటికీ కలిపి ఒకే కొటేషన్, పైన 18 శాతం జీఎస్టీ.

మొదట్లో పంపిన ఫారాలు చూసి నీరుగారిపోయాను. ఇంగ్లీషులో పేజీలకి పేజీలు, ఏ ఐటీ కంపెనీకో చేసినవే పేరు మార్చి పంపినట్టున్నారు, గ్రైండింగ్ ఆపరేటర్‌ని పట్టుకుని "క్లయింట్ ప్రెజెంటేషన్లు ఎంత తరచుగా చేస్తారు" అని అడుగుతోంది ఫారం. సగం మంది ఖాళీగా తిరిగిచ్చారు, కొందరు తమ సూపర్‌వైజర్ చెప్పింది చెప్పినట్టు రాసిచ్చారు. దానికి తోడు ఇదంతా ఎందుకో ఎవరికీ ముందు చెప్పలేదు, దాంతో మనుషుల్ని తీసెయ్యడానికే లెక్క రాస్తున్నారని క్యాంటీన్‌లో పుకారు మొదలైంది. ఆ టెన్షన్ తగ్గించడానికి నేను రెండు షిఫ్టులకీ తిరిగి చెప్పుకోవాల్సి వచ్చింది. అది నా పని కాదు, వాళ్ళ ప్రపోజల్‌లోనే రాసుకున్న పని.

నేను గొడవ చేశాక చిత్తూరు అమ్మాయిని ఒకామెను పంపారు. వయసు చిన్నదే, కానీ పని తెలిసినామె. ఫారాలు పక్కన పెట్టేసి, సేఫ్టీ షూస్ వేసుకుని సెకండ్ షిఫ్టులో వచ్చి ఒక్కొక్కరి పక్కన నిలబడి చూసింది. "అన్నా, ఈ వారంలో నిన్ను బాగా ఇబ్బంది పెట్టిన పని ఏంటి, అప్పుడు నువ్వేం చేశావ్" అని అడిగేది. 1954లో ఫ్లానగన్ అనే సైకాలజిస్టు పేపర్లో రాసిన పద్ధతే అది, జరిగిన సంఘటన పట్టుకుని పని లోతు తెలుసుకోవడం. పుస్తకంలో చదివాను గానీ మా షాపులో తెలుగులో జరుగుతుంటే చూడటం వేరు.

మా డిస్పాచ్ అతని జాబ్ డిస్క్రిప్షన్‌లో అప్పటిదాకా ఉన్నవి రెండు లైన్లు: సరుకు లోడ్ చేయించుట, పై అధికారి చెప్పిన ఇతర పనులు చేయుట. ఆమె అడిగితే బయటికొచ్చింది అసలు కథ. పుణె లోడ్ రాత్రి దారిలో ఆగిపోతే ఇంకో బండి మాట్లాడి, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఉండాల్సిన జీఎస్టీ పత్రం) పార్ట్ బీలో కొత్త బండి నంబరు ఎక్కించేది అతనే. ఆ బిల్లు గడువు 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున కాబట్టి, అది అయిపోతుందనుకుంటే ముందూ వెనకా 8 గంటల్లోపు పొడిగించుకునేదీ అతనే. లేదంటే దారిలో ఆపినప్పుడు పడే పెనాల్టీ మా నెత్తినే. ఎవరినీ అడగకుండా అర్ధరాత్రి ఇన్ని నిర్ణయాలు తీసుకునే మనిషి, మా రికార్డుల ప్రకారం "హెల్పర్ గ్రేడ్".

దీనికంటే పెద్దది ఇన్‌స్పెక్షన్ సంగతి. ఫైనల్‌లో కూర్చునే ఆడవాళ్ళని మేం "చెకర్లు" అంటాం, లైన్ మీద ఉండే మగవాళ్ళని "ఇన్‌స్పెక్టర్లు" అంటాం, జీతంలో తేడా ఉంది. ఆమె రెండు షీట్లూ పక్కపక్కన పెట్టింది. అదే డ్రాయింగ్, అదే మైక్రోమీటర్, అదే బోర్ గేజ్, పీస్ రిజెక్ట్ చేసే అధికారమూ అదే. నైపుణ్యం, శ్రమ, బాధ్యత ఒకేలా ఉండి, పని పరిస్థితులు కూడా ఒకేలాంటివైతే అది ఒకే రకమైన పని అని 1976 నాటి సమాన వేతన చట్టమే చెప్పింది, 2019 వేతన కోడ్‌లోనూ అదే వరస. మా ఓనర్ గారు ఆ షీట్ చూసి చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత అకౌంట్స్‌కి ఫోన్ చేశారు. కట్టిన డబ్బుకి నాకు ఇదొక్కటి చాలు.

ఇక పాయింట్ల భాగం. అక్కడికి ఆమె రాలేదు, సీనియర్లు వచ్చారు, ల్యాప్‌టాప్‌తో. వెయ్యి పాయింట్ల పట్టిక, ఏ అంశానికి ఎంత అనేది ముందే నింపేసి ఉంది. పెళ్ళి ఖాయం చేసేసుకుని తర్వాత జాతకాలు చూసినట్టు. పని పరిస్థితులకి మొత్తం 50 పాయింట్లే, కమ్యూనికేషన్‌కి 150. హీట్ ట్రీట్‌మెంట్‌లో ఫర్నేస్ పక్కన షిఫ్టంతా నిలబడేవాడికి ఆ కాలమ్‌లో పూర్తి మార్కులు వేసినా 50, ఏసీలో కూర్చుని మెయిళ్ళు పంపే ఎగ్జిక్యూటివ్‌కి కమ్యూనికేషన్‌లో సగం వేసినా 75. ఇలా అయితే ఫ్యాక్టరీలో ఎవరు పైకొస్తారో లెక్క మొదలుపెట్టకముందే తెలిసిపోతుంది కదా. అడిగితే "ఇది ఇండస్ట్రీ స్టాండర్డ్ మేడమ్" అన్నారు. ఏ ఇండస్ట్రీ అంటే మాత్రం జవాబు లేదు.

కమిటీలో మా మేనేజర్లు కూర్చుంటే ఇంకో తమాషా. ఉద్యోగానికి మార్కులు వెయ్యండయ్యా అంటే, "ఆ సీట్లో ఉన్నదెవరు? ఓ, ఆయనా, పాపం మంచోడు, ఇంకో పది వెయ్యండి" అంటారు. మనిషిని తూచడానికి అప్రైజల్ వేరే ఉంది, ఇక్కడ తూచాల్సింది కుర్చీని అని ఆపాల్సినవాళ్ళు కన్సల్టెంట్లే. వాళ్ళు తలూపి టైప్ చేసుకున్నారు.

రిపోర్టులో కొన్ని పేర్ల పక్కన "రెడ్ సర్కిల్" అని రాసి ఇచ్చేశారు. గ్రేడ్ గరిష్ఠం కంటే జీతం ఎక్కువున్నవాళ్ళు అని అర్థం. మామూలుగా వాళ్ళ జీతం కొయ్యరు, గ్రేడ్ అందుకునేదాకా ఇంక్రిమెంట్ ఆపుతారు, అంతే. ఆ ముక్క ఒక్క లైన్లో రాసి ఉంటే సరిపోయేది. రాయకపోయేసరికి ఇద్దరు మంచి టర్నర్లు వేరే చోట ఇంటర్వ్యూలకి వెళ్ళొచ్చారు.

చివరికి వెయిటేజీలు మేమే మార్చుకున్నాం, పని పరిస్థితులు 150కి పెంచి కమ్యూనికేషన్ 50కి దించాం. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పుకోవడానికి తెలుగులో, కన్నడలో ఒక పేజీ ఫారం కూడా పెట్టాం. డిస్పాచ్ అతను రెండు గ్రేడ్లు పైకొచ్చాడు. చెకర్లు అనే మాట రికార్డుల్లోంచి తీసేశాం, తేడా డబ్బులు రెండు విడతల్లో ఇస్తున్నాం.

మీరెవరైనా ఇలాంటి సర్వీస్ తీసుకునేట్టయితే అనాలిసిస్‌కీ ఎవాల్యుయేషన్‌కీ కొటేషన్లు విడివిడిగా అడగండి. ఫ్లోర్ మీదకి వచ్చే మనిషి ఎవరో, ఏ భాషలు వచ్చో, నైట్ షిఫ్టుకి వస్తారో రారో రాతపూర్వకంగా తీసుకోండి. వెయిటేజీ పట్టిక మీ వాళ్ళు సంతకం పెట్టాకే స్కోరింగ్ మొదలవ్వాలని అగ్రిమెంట్‌లో పెట్టించండి, మా దాంట్లో అది లేదు.