మొజాయిక్ రాళ్లు: కొన్నేళ్లు కొట్టి చూశాక ఏది నిలిచింది, ఏది విసిగించింది

మా కోనసీమలో ఎంత తవ్వినా ఒండ్రుమట్టీ ఇసుకే తప్ప రాయి తగలదు. అందుకే ఇక్కడ మొజాయిక్ చేసేవాళ్లకు క్వారీ అంటే అమలాపురం, రావులపాలెం వైపు గ్రానైట్, మార్బుల్ షాపుల వెనక పడేసిన కట్ పీసులే. నేను చెప్పేది చిప్స్ పోసి మిషన్‌తో పాలిష్ పట్టే గచ్చు గురించి కాదు, సెంటీమీటరు ముక్కలు కొట్టి చేత్తో పేర్చే బొమ్మల గురించి.

ఫస్ట్ మార్కు మక్రానా తెల్ల మార్బుల్‌కే. దాని పలుకులు దగ్గరగా అల్లుకుని ఉంటాయి, కొట్టిన చోటే విరుగుతుంది. పాలిష్ ముఖాన్ని పక్కకు తిప్పి, విరిగిన ముఖం పైకి పెట్టి పేర్చండి. విరిచిన పటికబెల్లంలా తళుక్కుమంటుంది. వెనక మాత్రం వైట్ సిమెంటే వాడాలి, మామూలు సిమెంటు పెడితే తెలుపు మాసినట్టు కనిపిస్తుంది. జైసల్మేర్ పసుపు రాయి ఇంకొంచెం గట్టిది కానీ అంచు శుభ్రంగా వస్తుంది. ఉదయ్‌పూర్ గ్రీన్ చూడ్డానికి బాగుంటుంది, సుత్తి తగలగానే తెల్ల గీతల వెంబడి చీలిపోతుంది. ఆ రంగుకు వేరే గతి లేక వాడుతున్నాను.

నలుపు దగ్గరే అసలు ఇబ్బంది. కడప బండ చవక, ఎక్కడైనా దొరుకుతుంది. కానీ అది పొరల రాయి. పొర వెంట కొడితే రేకులుగా లేస్తుంది, పొరకు అడ్డంగా కొట్టాలి. పైగా తడిగా ఉన్నప్పుడు కారునలుపు, ఆరాక బూడిదరంగు. చీమకుర్తి గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ మీద అందరికీ మోజే. ఆ బంగారు చుక్కలు పెద్ద పలక మీద బాగుంటాయి గానీ సెంటీమీటరు ముక్కలో ఒకటో రెండో మిగులుతాయి. సుత్తితో కొడితే అడ్డదిడ్డంగా పగులుతుంది. బ్లేడు తప్ప దారి లేదు, నా లెక్కలో ఆ శ్రమ దండగ.

చివరికి నాకు నచ్చిన నలుపు మన ఇళ్ల పునాదుల్లో పడే గౌరీపట్నం కంకర. రాజమండ్రికి అటూ ఇటూ సుమారు 6.5 కోట్ల ఏళ్ల కిందట పారిన లావా అది. ఇల్లు కట్టేవాళ్లను అడిగితే నాలుగు దోసిళ్లు ఊరికే ఇస్తారు. పాలిష్ లేకుండానే నలుపు నిలుస్తుంది. చెయ్యి మాత్రం నొప్పెడుతుంది.

షాపులో ముక్కను తడిపి చూడండి. పైన తడి ఆరిపోయాక కూడా సన్నగా తడి గీత మిగిలిందంటే అక్కడ పగులున్నట్టే. నాణెంతో తడితే ఖంగుమనాలి. మార్బులంటూ నానో వైట్ (ఫ్యాక్టరీలో చేసే గాజులాంటి తెల్ల పలక) అంటగడుతున్నారని అనుమానముంటే ఒక మూల నిమ్మరసం చుక్క వేయండి. కాల్సైట్ (మార్బుల్‌లో ఉండే సున్నపు ఖనిజం) ఉన్న రాయైతే సన్నగా నురగ వచ్చి మెరుపు పోతుంది. నానో వైట్ చలించదు, విరిస్తే గాజులా కోసుకుపోతుంది.

ఇక కొట్టడం. ముందు షాపు కటింగు మిషన్ మీదే వేలెడు వెడల్పు బద్దలు కోయించుకుంటాను. తర్వాత పని హార్డీ మీద, అంటే మొద్దులో పైకి అంచు పెట్టి దిగ్గొట్టిన ఉలి. లారీ స్ప్రింగు పట్టీతో కమ్మరి చేసిచ్చాడు. మార్బుల్‌కు హాయిగా సరిపోతుంది, నల్లరాయికి అంచు వెంటనే మొద్దుబారుతుంది, దానికి కార్బైడ్ ముక్క అతికించింది కావాలి. రాయి విరగాల్సిన గీత ఉలి అంచు మీద కూర్చోవాలి, సుత్తి సరిగ్గా దాని పైనే పడాలి. బలం అక్కర్లేదు. గట్టిగా కొడితే పిండవుతుంది, తేలిగ్గా కొడితే రెండు వైపుల నుంచీ పగులు వచ్చి కలుస్తుంది.

ఆన్‌లైన్‌లో అందరూ పొగిడే వీల్ నిప్పర్ (రెండు చిన్న చక్రాల మధ్య రాయిని నొక్కి విరిచే పటకారు) పలచటి ముక్కలకు, వంపులు దిద్దడానికి మంచిదే. రాయి అంచును కొద్దిగానే పట్టించండి, పగులు తనంతట తనే పారుతుంది. 18 మిల్లీమీటర్ల పలకకు వాడితే బొటనవేలు కీలు పోతుంది.

గ్రానైట్ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం. నీళ్లు పోస్తూ కోయించాలి, ఎన్95 మాస్కు పెట్టుకోవాలి, తువ్వాలు చుట్టుకుంటే చాలదు. కంటికి అద్దాలు మార్బుల్‌కు కూడా తప్పవు.

చాలామంది తులసికోటకి తెల్ల మార్బుల్ అడుగుతారు. రోజూ పెట్టే పసుపును ఆ రాయి పీల్చేసుకుంటుంది, సీలరు పూసినా కొన్నాళ్లే. నేనైతే జైసల్మేర్ పసుపు రాయే వేస్తున్నాను, మరక పడ్డా తెలియదు.