రెండు రోజుల సెలవుకి భీమిలి మేలా, గోపాల్‌పూర్ మేలా?

శని, ఆదివారాలకి ఒక పండగ సెలవు కలిసొస్తే చాలు, మా ఇంట్లో ఈ చర్చ మొదలవుతుంది. మాది విజయనగరం. దక్షిణానికి గంట ప్రయాణంలో భీమిలి. ఉత్తరానికి రైలెక్కితే నాలుగు గంటల్లో బరంపురం, అక్కడ దిగి ఇంకో 16 కిలోమీటర్లు పోతే ఒడిశాలోని గోపాల్‌పూర్. పుదుచ్చేరి పేరు కూడా పిల్లలు ఎత్తుతారు గానీ, రానూపోనూ ప్రయాణానికే సెలవంతా అయిపోతుంది కాబట్టి దాని జోలికి పోవడం లేదు.

ఈ రెండూ ఒకప్పుడు ఓడలతో కళకళలాడిన రేవులు. మద్రాసు, హౌరా రైలు మార్గం రెండింటినీ పక్కన వదిలేసి లోపలి నుంచి పోయింది. 1933లో విశాఖ ఓడరేవు మొదలయ్యాక భీమిలికి ఓడల రాక బాగా తగ్గిపోయింది. ఉత్తరాంధ్రలో పాతవాళ్ళు బర్మా వెళ్ళడాన్ని ‘రంగం పోవడం’ అంటారు. భీమిలి నుంచీ గోపాల్‌పూర్ నుంచీ కూడా జనం అలా ఓడలెక్కి రంగం పోయారు. మా అమ్మమ్మ ఆ మాట అన్నప్పుడల్లా గొంతు తగ్గించేది. అందుకే ఈ రెండు తీరాల్లో ఎక్కడ నిలబడినా నాకు ముందు గుర్తొచ్చేది వెళ్ళి తిరిగి రానివాళ్ళే.

భీమిలి దగ్గర చాలామంది ఒక పొరపాటు చేస్తారు. విశాఖ నుంచి బీచ్ రోడ్డు మీద 30 కిలోమీటర్లు కారులో వచ్చి, నాలుగు ఫోటోలు దిగి, ముంత మసాలా తిని వెనక్కి తిరుగుతారు. ఊళ్ళోకి అడుగు పెట్టరు. అసలు చూడాల్సింది ఊరే. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు, 1825లో ఇంగ్లీషువాళ్ళ చేతికి అప్పగించి పోయారు. మిగిలిన వాటిల్లో నన్ను బాగా కదిలించేది డచ్ సమాధుల తోట. కొన్ని సమాధులు మనిషికంటే ఎత్తుగా, పైకి పోయేకొద్దీ సన్నబడుతూ కోసుగా ఉంటాయి. రాతిపలకల మీద చెక్కిన అక్షరాలు ఉప్పుగాలికి అరిగిపోయాయి, అయినా వేలితో తడిమితే తెలుస్తాయి. ఎక్కడి హాలెండ్, ఎక్కడి గోస్తనీ నది! అక్కణ్ణుంచి గడియార స్తంభం, పాత చర్చి, లైట్‌హౌస్ చూసుకుంటూ గోస్తనీ సముద్రంలో కలిసే చోటికి నడిచి పోవచ్చు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరిది. దేశంలో అంత పాత మున్సిపాలిటీలు ఎన్నో లేవు. ఇప్పుడు విశాఖ నగరపాలక సంస్థలో కలిసిపోయింది.

ఓపిక ఉంటే ఊరిని ఆనుకుని ఉన్న పావురాళ్ళ కొండ ఎక్కాలి. బౌద్ధ భిక్షువులు వాననీళ్ళ కోసం రాతిలో తొలిచిన తొట్లు పైన కనిపిస్తాయి. తిరుగు దారిలో ఎర్రమట్టి దిబ్బలు. ఇసుక రేణువులకు ఇనుప ఆక్సైడ్ పట్టి అలా ఎర్రబడింది, వానలు దాన్ని గండ్లుగా కోశాయి. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. పిల్లల్ని తీసుకెళ్తే గట్ల మీద జారుడు బండ ఆడనివ్వకండి. అది గట్టి నేల కాదు, ఒక్కో అడుగుకీ ఇంత కూలిపోతుంది. వేల ఏళ్ళుగా పేరుకున్నది మన కాళ్ళ కింద రాలిపోతుంటే చూడలేం.

ఇంత ఉన్నా, భీమిలిలో రాత్రి బస చేయమని నేను చెప్పలేను. ఆదివారం సాయంత్రం విశాఖ జనమంతా అక్కడే ఉంటారు. అదొక్కటే కాదు, మాకు అది మరీ దగ్గర. గదిలో సామాను దించగానే ఎవరో ఒకరు ఫోన్ చేసి, ‘భీమిలిలోనే ఉన్నారు కదా, ఒక్కసారి వచ్చి పోండి’ అంటారు. ఆఫీసు టెన్షన్ కూడా గంట దూరంలోనే ఉంటుంది. అంత దగ్గర్లో మనసు ఇల్లు వదలదు.

గోపాల్‌పూర్‌లో చూడ్డానికి ఇంతలో సగం కూడా లేదు. ఒక బీచ్ రోడ్డు, ఒక లైట్‌హౌస్, తెల్లదొరల కాలం నాటి కొన్ని బంగళాలు, మర్రి వేళ్ళు పట్టి నిలబెట్టినట్టున్న పాత గోదాముల గోడలు. 1914లో ఒక ఇటలీ దేశస్థుడు కట్టిన పామ్ బీచ్ హోటల్ యాజమాన్యాలు మారినా ఇప్పటికీ నడుస్తోంది. అది ఖరీదు. మేం దిగేది చిన్న లాడ్జిలో. మొదటి రోజు సాయంత్రానికి ఊరంతా చూడటం అయిపోతుంది. ఇక చేయడానికి పనేమీ ఉండదు, మేం వెళ్ళేదే అందుకు. పొద్దున్నే వలలు లాగే చోట కూర్చుంటాం. మధ్యాహ్నం పడుకుంటాం. సాయంత్రం ఒడ్డున వేయించిన రొయ్యలు, ఇంటికి పట్టుకెళ్ళడానికి బరంపురంలో ఛెనాపోడా అనే కాల్చిన పాలవిరుగుడు మిఠాయి. రెండో రోజుకి ఇంట్లో ఎవరూ ఫోన్ ముట్టుకోరు.

భాష రాదేమోనని భయం అక్కర్లేదు. మొదటిసారి వెళ్ళినప్పుడు మా అమ్మ వచ్చీరాని హిందీలో చేపల ధర అడిగితే, ఆ అమ్మిన ఆమె ‘ఏం కావాలమ్మా?’ అని తెలుగులో అడిగింది. అక్కడి జాలర్లని నోలియాలు అంటారు, ఇంట్లో వాళ్ళది తెలుగే. 1936లో ఒడిశా ఏర్పడేదాకా గోపాల్‌పూర్ ఉన్న గంజాం జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. రాష్ట్రపతిగా చేసిన వి.వి. గిరి పుట్టింది బరంపురంలోనే. మోకాళ్ళ నొప్పులతో ఎక్కడికీ కదలనని మొండికేసే అమ్మ, ఆ ఒడ్డున ఆమెతో గంటసేపు కబుర్లు చెప్పింది. నా లెక్కలో గోపాల్‌పూర్ వైపు తూకం వంగింది ఆ రోజే.

సముద్రస్నానానికి మాత్రం రెండూ నమ్మదగినవి కావు. గోపాల్‌పూర్‌లో అలల లాగుడు ఎక్కువ. భీమిలిలో ఏరు కలిసే చోట నీళ్ళు ప్రశాంతంగా కనిపించి మోసం చేస్తాయి. పోటు మీద ఉందో ఆటు మీద ఉందో జాలర్లని అడగండి, వాళ్ళు వద్దంటే దిగకండి. అక్టోబరులో రెండింటికీ తుపాను భయం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, అదే తేదీన, హుద్‌హుద్ విశాఖని కుదిపేసింది.

కాబట్టి చేతిలో ఒక్క రోజే ఉంటే భీమిలి. తెల్లవారకముందే బయల్దేరండి, ఎండ ఎక్కే లోపు కొండ దిగి ఊళ్ళోకి రావచ్చు, చీకటి పడేసరికి ఇల్లు చేరొచ్చు. చరిత్ర పుస్తకాలు ఇష్టపడే పిల్లలుంటే మరీ మంచిది. రెండు రాత్రులు దొరికితే మాత్రం, ఖర్చు కాస్త ఎక్కువైనా గోపాల్‌పూర్‌కే నా ఓటు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళకీ ఇదే చెబుతాను. సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా, విశాఖ ఎక్స్‌ప్రెస్‌లు బరంపురం మీదుగానే పోతాయి. టికెట్ తీసేటప్పుడు స్టేషన్ పేరు బ్రహ్మపూర్ అని వెతకండి. మూడో రోజు కూడా కలిసొస్తే చిలికా సరస్సు ఒడ్డున ఉన్న రంభ దాకా వెళ్ళి పడవెక్కొచ్చు.

ఈసారి మేం ఫిబ్రవరి చివర్లో వెళ్తున్నాం. గోపాల్‌పూర్‌కి ఉత్తరాన రుషికుల్య నది ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వేలకు వేలుగా గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కేది ఆ రోజుల్లోనే. కొన్నేళ్ళు అసలు రావు. వస్తే దూరం నుంచి, దీపాలూ ఫ్లాష్‌లూ లేకుండా చూడాలని పిల్లలకి ఇప్పటినుంచే చెబుతున్నాం. అమ్మ మాత్రం ఆ చేపలామెకి ఇద్దామని ఒక సీసా మాగాయ పక్కన పెట్టి ఉంచింది.