ఒరిగామి కాగితాల ప్యాక్: పిల్లల ప్రాజెక్టుకి కొనొచ్చు

మా పాపకి స్కూల్లో 'నేనెవరు' అని ఒరిగామి (కాగితం మడిచి బొమ్మలు చేసే జపాన్ కళ) ప్రాజెక్టు ఇచ్చారు. కోఠిలో ఒక స్టేషనరీ షాపులో 15 సెంటీమీటర్ల కాగితాల ప్యాక్ కొన్నాం. ఒకవైపు రంగు, ఇంకోవైపు తెలుపు. పాపకి ఆ తెలుపే నచ్చింది. అమ్మమ్మ ఊరు, ఇంట్లో పిలిచే పేరు, చీకటంటే తనకున్న భయం, అన్నీ లోపల రాసి కొంగలుగా మడిచింది. బయటికి రంగే కనిపిస్తుంది, విప్పితేనే తను తెలుస్తుంది. ఎంత బాగా ఆలోచించిందో!

కాగితం పలచన, కొంగ మెడ దగ్గర కూడా మడత పదునుగా వస్తుంది. ముదురు నీలం మాత్రం మడతల దగ్గర తెల్లబడుతోంది. కొన్ని షీట్ల అంచులు సమంగా లేవు, ముక్కు వంకర పోతుంది. స్కెచ్ పెన్ను అవతలికి ఇంకుతుంది, పెన్సిలే వాడండి. జపాన్ ఒరిగామి కళాకారుడు అకీరా యోషిజావాలా కాగితాన్ని తడిపి మడవాలనుకుంటే మాత్రం మందపాటి కాగితం తీసుకోండి.