సోమవారం అర్జీ, కార్పొరేటర్ ప్రశ్న, కౌన్సిల్ గ్యాలరీ: ఏది మేలు?

పైపు పగిలినా, వీధి దీపం వెలగకపోయినా, సైడు కాలువ పూడిపోయినా కౌన్సిల్ సమావేశం దాకా ఆగనక్కర్లేదు. కొత్త డ్రెయిను కావాలన్నా, పార్కు స్థలాన్ని వేరే పనికి ఇవ్వొద్దన్నా, పన్ను పెంపు మీద మాట చెప్పాలన్నా సోమవారం అర్జీ ఒక్కటే చాలదు. అక్కడ నిధులు కేటాయించాలి, తీర్మానం కావాలి. విజయవాడలోనూ గుంటూరులోనూ చాలామంది ఈ రెంటికీ ఒకే కాగితం పట్టుకుని తిరుగుతారు.

ముందు సోమవారం సంగతి. ప్రతి సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తే నంబరు వస్తుంది. 1100కి ఫోన్ చేసి ఆ నంబరు చెబితే అర్జీ ఎవరి దగ్గర ఆగిందో తెలుస్తుంది. ఈ దారికి బలం ఆ నంబరే. బలహీనత కూడా అక్కడే ఉంది: ‘నిధులు వచ్చాక చేపడతాం’ అని ఎండార్స్‌మెంట్ (అర్జీ మీద అధికారి రాసే జవాబు) రాసేస్తే అర్జీ మూసేసినట్టే, లెక్కలో సమస్య తీరినట్టే. అలా మూస్తే ఊరుకోకుండా, పాత నంబరు రాసి మళ్లీ తెరవమని అడగాలి. ఒక అర్జీలో ఒకే సమస్య ఉండాలి. నీళ్లు, దీపం, కుక్కలు మూడూ కలిపి రాస్తే కాగితం ఒక విభాగానికే పోతుంది, మిగతా రెండూ ఎవరి ఖాతాలోనూ పడవు.

పరిధి తప్పినా అంతే. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరు వాగు జలవనరుల శాఖది. బందరు, ఏలూరు, రైవస్ కాలువలూ ఆ శాఖవే. వాటి గట్ల గురించి కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వాలి. వీధి కాలువ నీళ్లు కిందికి దిగక ఇళ్ల ముందే నిలిస్తే అది కార్పొరేషన్ ఇంజినీరింగ్ విభాగం పని. అర్జీ మొదటి వాక్యంలోనే ఈ తేడా తేల్చి రాయండి.

ఇక కౌన్సిల్. విజయవాడలో 64 డివిజన్లు, గుంటూరులో 57. సమావేశాన్ని ప్రజలు గ్యాలరీలో కూర్చుని చూడవచ్చు, కానీ అక్కడి నుంచి మాట్లాడే హక్కు లేదు. అరిస్తే బయటికి పంపుతారు. గ్యాలరీకి వెళ్లడం వృథా అని మాత్రం అనం. పది మంది డివిజన్ వాళ్లు పైన కూర్చున్నారని తెలిస్తే, ఇస్తానన్న ప్రశ్నను కార్పొరేటర్ తేలిగ్గా వదిలేయలేరు. అయితే గ్యాలరీ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

మా అభిప్రాయంలో అన్నిటికన్నా బలమైనది కార్పొరేటర్ చేత రాతపూర్వకంగా ప్రశ్నో ప్రతిపాదనో ఇప్పించడం. ఇది చాలాసార్లు ఎందుకు విఫలమవుతుందంటే, జనం సమావేశం ముందు రోజు వెళ్తారు. అప్పటికి ఎజెండా ముద్రించి సభ్యులకు పంచేసి ఉంటారు. కనీసం మూడు వారాల ముందు వెళ్లండి. ‘మా వీధికి డ్రెయిను కావాలి’ అంటే ఎవరూ ఏమీ చేయలేరు. ఏ ఇంటి నుంచి ఏ ఇంటి దాకా, ఎన్ని మీటర్లు, నీళ్లు చివరికి ఏ కాలువలో కలవాలి, ఇవన్నీ రాయాలి. వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీని (వీధి సౌకర్యాల పనులు చూసే ఉద్యోగిని) పిలిచి కొలతలు వేయించండి. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఎస్టిమేట్, అంటే ఖర్చు అంచనా, వేశాకే పనికి ఒక అంకె వస్తుంది. అంకె లేని ప్రతిపాదనకు కౌన్సిల్‌లో వచ్చే జవాబు ‘పరిశీలిస్తాం’ ఒక్కటే. ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆర్థిక సంవత్సరం కాబట్టి, పెద్ద పనులను డిసెంబరు, జనవరిలోనే కదిలించాలి. బడ్జెట్ ఆమోదం పొందాక అడిగితే ఏడాది పోయినట్టే.

ఇంత చేసినా తీర్మానంలో మన పని ఏ మాటల్లో నమోదైందో చూసుకోకపోతే లాభం లేదు. సభలో ‘చేస్తాం’ అన్నది మినిట్స్‌లో, అంటే సమావేశం రికార్డులో, ఉండకపోవచ్చు. ఇక్కడ సమాచార హక్కు చట్టం పనికొస్తుంది. 10 రూపాయల రుసుముతో కార్పొరేషన్ ప్రజా సమాచార అధికారికి దరఖాస్తు ఇవ్వండి. రుసుము నగదుగానో, పోస్టల్ ఆర్డరుగానో, కోర్టు ఫీజు స్టాంపుగానో కట్టవచ్చు. ‘పని ఎందుకు చేయలేదు’ అని అడిగితే జవాబు రాదు. ‘ఫలానా తేదీ సమావేశం తీర్మానం నకలు, ఎస్టిమేట్ నకలు ఇవ్వండి’ అని అడగాలి. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి.

వార్డు కమిటీల మాట కూడా చెప్పాలి. 3 లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న నగరాల్లో అవి ఉండాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణ చెబుతోంది. మీ డివిజన్ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో అడగడం మీ హక్కు. జవాబు లేకపోతే దాన్నే కార్పొరేటర్ చేత ప్రశ్నగా వేయించండి.

ఎన్నికైన పాలకవర్గం లేని రోజులు వస్తే లెక్క మారుతుంది. గుంటూరులో 2010 నుంచి 2021 దాకా అదే పరిస్థితి. అప్పుడు కౌన్సిల్ అధికారాలు ప్రత్యేకాధికారి చేతిలో ఉంటాయి కాబట్టి, కొత్త పని కోరే వినతిని ఆయన పేరునే రాసి, ఒక నకలు కమిషనర్‌కు ఇచ్చి, రెండింటి మీదా తేదీతో ముద్ర వేయించుకోండి.