అరకు షూటింగ్: అక్కడే బసా, విశాఖ నుంచి రాకపోకలా?

అరకు వలిసె పూల చేలల్లో వీడియో తీయాలంటే ముందు తేల్చుకోవాల్సింది యూనిట్ ఎక్కడ పడుకోవాలన్నది.

విశాఖలో ఉంటే గదులకు కొదవలేదు. లైటు పాడైనా సాయంత్రానికి ఇంకోటి అద్దెకు దొరుకుతుంది. ఒక్కపూట ఇంటర్వ్యూకైతే అదే చాలు. కానీ అరకు దాదాపు 115 కిలోమీటర్లు, అందులో ఘాట్ రోడ్డు. మూడు గంటలు పెట్టుకోవాల్సిందే. తొలి ఎండకు చేలో ఉండాలంటే రాత్రి రెండింటికే లేవాలి. మేం ఒకసారి అలాగే బయల్దేరాం. అనంతగిరి మలుపుల్లో ఇద్దరికి వాంతులయ్యాయి, బండి రెండుసార్లు ఆపాం. చేరేసరికి మంచు విడిపోయింది, పూరేకుల మీద నీటిబొట్లు ఆరిపోయాయి. ఆ షాట్ మళ్లీ దొరకలేదు.

అందుకే పొద్దుటి వెలుగు కావాలంటే నా ఓటు అరకు బసకే. టీ తాగి పది నిమిషాల్లో చేలో ఉంటాం. నవంబరు, డిసెంబరు వారాంతాల్లో గదుల రేట్లు మండిపోతాయి కాబట్టి మంగళ, బుధవారాలు చూసుకోండి. చలికి బ్యాటరీలు త్వరగా దిగిపోతాయి. అదనంగా రెండు సెట్లు పెట్టుకుని, షాట్‌కు ముందు దాకా జేబులో వెచ్చగా ఉంచండి. రైతుతో ముందురోజే మాట్లాడి డబ్బు ఇచ్చేయండి. మనకు అవి పసుపు పూలు, ఆయనకు నూనెగింజల పంట.