ఎక్స్‌ఛేంజ్‌లో పాత కెమెరా ఇచ్చేసే ముందు ఇది చదవండి

బరంపురం, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు పెళ్లిళ్లు తీసే మన ఫొటోగ్రాఫర్లందరి కోసం ఈ పోస్టు. సీజన్ దగ్గర పడుతోందంటే చాలామంది బాడీ (లెన్స్ కాకుండా ఒట్టి కెమెరా) మార్చాలని చూస్తుంటారు. నేనూ అలాగే మార్చబోయి దెబ్బతిన్నాను. డబ్బు చివరికి చేతికొచ్చింది. నా పాత కెమెరా మాత్రం రాలేదు. షాపు పేరు రాయడం లేదు. పేరు కంటే వాళ్లు చేసిన పద్ధతి మీకు తెలియాలి, ఎందుకంటే అదే పని ఇంకొకరు ఇంకో ఊళ్లో చేయగలరు.

నాది నికాన్ డి700. ఆ మోడల్ 2008లో వచ్చింది. బరంపురంలో స్టూడియో పెట్టిన ఏడాది, 2010లో అప్పు చేసి కొన్నాను. ఒట్టి బాడీయే కిలోకి దగ్గర బరువు, దాని మీద 80-200 లెన్స్ పెడితే ఊరేగింపు ముగిసేసరికి మణికట్టు లాగేసేది. అయినా ఆ బరువుకే చేయి అలవాటు పడిపోయింది. వెనక బొటనవేలితో తిప్పే డయల్ పళ్ల సందుల్లో తలంబ్రాల పసుపు ఇరుక్కుని ఉండేది. టూత్‌బ్రష్‌తో ఎంత తోమినా సన్నని పసుపు గీత ఒకటి మిగిలేది. కుడివైపు గ్రిప్ రబ్బరు నా వేళ్ల అచ్చులో అరిగిపోయింది. చీకట్లో, కన్ను వ్యూఫైండర్ నుంచి తీయకుండా ఐఎస్ఓ (వెలుతురుకి తగ్గట్టు సెన్సర్ సెట్టింగు) మార్చగలిగేవాణ్ణి. వేరేవాళ్ల కెమెరా చేతికిస్తే ఇప్పటికీ నా వేలు ఆ బటన్ కోసం ఎడమవైపు పైకే వెళ్తుంది.

2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు స్టూడియోలోకి నీళ్లొచ్చాయి, ప్రింటర్ పాడైపోయింది. కెమెరాని రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి ఇంట్లో అటక మీద పెట్టాను. తెల్లారి కరెంటు లేదు, ఫోను లేదు, వీధంతా కూలిన చెట్లు. బయటికొచ్చి షట్టర్ నొక్కితే ఎప్పటి శబ్దమే వచ్చింది. ఆ రోజు తీసిన ఫొటోలు ఇప్పటికీ దాచుకున్నాను.

అలాంటి కెమెరాని ఎందుకు మార్చాలనుకున్నానని అడుగుతారేమో. ఫొటోల కోసమైతే మార్చేవాణ్ణి కాదు. 12 మెగాపిక్సెల్ చాలదని చాలామంది అంటారు గానీ, మనం వేసే 12x36 ఆల్బమ్‌లో ఒక పేజీ 12x18. డి700 ఫైల్ పొడవు 4256 పిక్సెళ్లు, అంటే ఆ పేజీ మీద అంగుళానికి 236 దాకా వస్తాయి. చేతిలో పట్టుకుని చూసే ఆల్బమ్‌కి అది బ్రహ్మాండంగా సరిపోతుంది. బరంపురం పట్టుచీర ఎరుపు ఆ సెన్సర్‌లో వచ్చినట్టు నాకు మరే కెమెరాలోనూ రాలేదు. ఇబ్బందల్లా వీడియోతోనే. డి700లో వీడియో అసలు లేదు. ఇప్పుడు పెళ్లివాళ్లు మొదట అడిగేదే రీల్స్. పైగా కార్డు స్లాట్ ఒక్కటే, అదీ సీఎఫ్ కార్డు. ఒక్క కార్డు మీద ఒకరి పెళ్లంతా ఉందంటే, కాపీ అయ్యేదాకా నాకు నిద్ర పట్టదు.

మిర్రర్‌లెస్‌కి, అంటే లోపల అద్దం లేని కొత్త రకం కెమెరాకి వెళ్లమని చెప్పినవాళ్లున్నారు. నా దగ్గరున్నవి 50 ఎఫ్1.8డి, 80-200 ఎఫ్2.8డి. వీటిలో మోటారు ఉండదు, బాడీలో ఉన్న మోటారే స్క్రూ తిప్పి ఫోకస్ చేస్తుంది. నికాన్ మిర్రర్‌లెస్ అయిన జెడ్ బాడీకి, పాత లెన్సులు పట్టించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెట్టి తగిలిస్తే వీటికి ఆటోఫోకస్ రాదు. ఈ సంగతి తెలియక జెడ్ బాడీ కొని, తర్వాత లెన్సులన్నీ అమ్ముకున్నవాళ్లు నాకు తెలుసు. అందుకే డి750 ఎంచుకున్నాను. 2014 మోడల్, 24 మెగాపిక్సెల్, రెండు ఎస్‌డీ స్లాట్లు, ఫుల్ హెచ్‌డీ వీడియో, బాడీలో మోటారు. ఈ ఎంపిక తప్పని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు.

ఒక పెద్ద నగరంలో సెకండ్‌హ్యాండ్ కెమెరాల షాపు వాళ్ల పోస్టు కనబడింది. డి750 ధర 48 వేలు, షట్టర్ కౌంట్ (అప్పటిదాకా తీసిన ఫొటోల లెక్క) 21 వేల చిల్లర, 'ఇంట్లో వాడిన పీస్'. నా డి700కి 14 వేలు కడతాం, పైన 34 వేలు ఇస్తే చాలన్నారు. నేను శాంపిల్ ఫైల్ అడిగాను. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే లోపలి వివరాలన్నీ పోతాయి కాబట్టి డాక్యుమెంట్‌గా పంపమన్నాను. పంపారు. తెరిచి చూస్తే కౌంట్ నిజంగానే 21 వేల చిల్లర ఉంది. నేను అక్కడితో ఆగిపోయాను. నా తప్పంతా అక్కడే.

నికాన్ డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉన్న కెమెరా) తీసే దాదాపు ప్రతి ఫొటో ఫైల్‌లో కౌంట్‌తో పాటు ఆ బాడీ సీరియల్ నంబర్ కూడా ఉంటుంది. కౌంట్ ఒక్కటే చూస్తే ఆ ఫైల్ ఏదో ఒక కెమెరాతో తీసిందని తెలుస్తుంది, అంతే. మీకు అమ్మే కెమెరాతోనే తీశారని తెలియాలంటే ఫైల్‌లో ఉన్న సీరియల్, బాడీ మీద ఉన్న సీరియల్ ఒకటి కావాలి. అందుకే ఫైల్‌తో పాటు బాడీ మీది సీరియల్ కనబడే ఫొటో కూడా అడగండి. కానన్ వాడేవాళ్లకి ఇంకో మాట: చాలా కానన్ బాడీలు ఫొటో ఫైల్‌లో కౌంట్ రాయవు. కేబుల్ పెట్టి సాఫ్ట్‌వేర్‌తో చూడాల్సిందే. 'ఫైల్‌లో చూసుకోండి' అని ఎవరైనా కానన్ అమ్మజూపితే నమ్మకండి.

రాత్రి రైలెక్కి పొద్దున షాపుకి వెళ్లాను. వాళ్లు కెమెరా బయటికి తీసేసరికి మధ్యాహ్నం దాటింది. నాలుగు ఫొటోలు తీశాను, స్క్రీన్ మీద బాగానే ఉన్నాయి. లాప్‌టాప్ తెచ్చుకోలేదు. షాపతను గడియారం చూసి, "అన్నా, మీ ట్రైన్ టైమైపోతోంది. ఇంటికెళ్లి నిదానంగా చూసుకోండి, ఏమున్నా మేమున్నాం కదా" అన్నాడు. బిల్లు అడిగితే ఒక చీటీ ఇచ్చాడు. దాని మీద 'వాడిన వస్తువు, రిటర్న్ లేదు' అని స్టాంపు. నా డి700ని కౌంటర్ మీద పెట్టేటప్పుడు చెయ్యి ఆగింది. బయల్దేరేటప్పుడు మా ఆవిడ అడిగింది కూడా, "ఏమండీ, దాన్ని కూడా ఇచ్చేయాలా? పధ్నాలుగు వేలే కదా, ఎలాగో సర్దుకుందాం" అని. ఆమె మాట వినాల్సింది.

మూడో రోజు ఇచ్ఛాపురంలో పెళ్లి. స్నాతకం బాగానే వచ్చింది. సరిగ్గా జీలకర్ర బెల్లం టైముకి ఫ్రేములో కింది భాగం నల్లగా పడడం మొదలైంది. ఫ్లాష్ సింక్ (ఫ్లాష్ వెలుగు, షట్టర్ కలవడం) తేడా చేసిందేమోనని స్పీడు 1/125కి దించాను. అయినా అదే. నాలుగో ఫ్రేముకి తెర మీద 'ఎర్ర్' అని వచ్చి షట్టర్ బిగుసుకుపోయింది. నా పక్కన వీడియో తీస్తున్న తమ్ముడి దగ్గర ఇంకో బాడీ ఉండబట్టి సరిపోయింది. నేను అతని వైపు చెయ్యి చాచి కెమెరా తీసుకునేలోపు పెళ్లికూతురు తల వంచడం, పెళ్లికొడుకు చెయ్యి పెట్టడం అయిపోయాయి. ఆ ఒక్క క్షణం నా దగ్గర సగం నలుపుతో ఉంది. పెళ్లికూతురి నాన్నగారికి నిజం చెప్పి, ఆ ఫొటో వీడియో నుంచి తీసి ఆల్బమ్‌లో వేశాను. ఆయన పెద్దమనసు చేసుకుని ఊరుకున్నారు. నాకైతే అప్పటి నుంచి ముహూర్తం అంటే టెన్షనే.

రాత్రి ఇంటికొచ్చి ఆ రోజు ఫైలు తెరిచి చూస్తే కౌంట్ 2 లక్షల 11 వేలు దాటి ఉంది. నికాన్ ఈ బాడీ షట్టర్‌ని పరీక్షించింది లక్షా 50 వేల క్లిక్కుల దాకానే. ఆ లెక్క దాటిన ప్రతి షట్టరూ పోతుందని కాదు, కానీ దాన్ని 21 వేల పీస్ ధరకి అమ్మడం పచ్చి మోసం. అప్పుడు వాట్సాప్ ఫైల్ మళ్లీ తెరిచాను. సీరియల్ నంబరు వేరు. వాళ్లు ఇంకో కెమెరాతో తీసిన ఫైల్ పంపారు. తీరిగ్గా చూస్తే గ్రిప్ రబ్బరు కొత్తగా అంటించినట్టుంది, అడుగు స్క్రూల తలలు గీసుకుపోయి ఉన్నాయి. డి750లో కొన్ని సీరియళ్లకి షట్టర్ ఇబ్బంది ఉందని నికాన్ 2015లో తానే ప్రకటించి ఉచితంగా మార్చి ఇచ్చింది. ఈ మోడల్ కొనేవాళ్లు సీరియల్ ముందే తీసుకుని అది కూడా చూసుకోవాలి.

ఫోన్ చేస్తే మొదట "అప్పుడే చూసుకోవాలి కదా" అన్నారు. డి700 తిరిగి ఇచ్చేయండి, మీది మీరు తీసుకోండి అన్నాను. అది నేను వచ్చిన సాయంత్రమే అమ్ముడుపోయిందట. తర్వాత, "మీరు కమర్షియల్‌గా వాడతారు, మీకు వినియోగదారుల చట్టం వర్తించదు" అన్నారు. ఈ మాటకి చాలామంది వెనక్కి తగ్గుతారు, మీరు తగ్గొద్దు. స్వయం ఉపాధితో బతకడానికి కొన్న వస్తువైతే, కొన్నవాడు వినియోగదారుడేనని 2019 చట్టంలో స్పష్టంగా ఉంది. బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సరుకు వెనక్కి తీసుకోననడం, ఈ రెండూ ఆ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతులే. స్టాంపు కొట్టినంత మాత్రాన ఒప్పైపోదు. షాపు వేరే రాష్ట్రంలో ఉన్నా మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. రెండు ఫైళ్లు, చీటీ, చాటింగ్ అంతా జాగ్రత్తగా దాచాను. కొన్ని వారాలు తిప్పించుకుని చివరికి కెమెరా తీసుకుని 34 వేలు, డి700కి కట్టిన 14 వేలు వేశారు. వాళ్ల లెక్క తీరిపోయింది.

నేనిప్పుడు ఇంకో డి750 కొన్నాను, తెలిసినాయన దగ్గర. ముందు వెయ్యి ఫొటోలు తీసి చూశాకే డబ్బిచ్చాను. 1/4000 స్పీడులో ఆకాశం తీస్తే ఏ మూలా నీడ పడకూడదు. లెన్స్ రంధ్రం బాగా చిన్నదయ్యే ఎఫ్16లో తెల్లగోడ తీస్తే సెన్సర్ మీది మరకలు బయటపడతాయి. లెన్స్ మూత పెట్టి 30 సెకన్లు తీస్తే మెరిసే చుక్కలు తెలుస్తాయి. లెన్స్ కొంటే వెనక నుంచి టార్చి వేసి చూడండి, మన సముద్రపు గాలికి సాలెగూడులా ఫంగస్ పట్టిన లెన్సులు ఈ చుట్టుపక్కల చాలానే తిరుగుతున్నాయి. లాప్‌టాప్ తప్పకుండా పట్టుకెళ్లండి. తిరుగు టికెట్ మర్నాటికి తీసుకోండి. పాత కెమెరాని మాత్రం ఆ రోజు ఇంట్లోనే వదిలి వెళ్లండి. కొత్తది కనీసం రెండు పెళ్లిళ్లు తీసి, చేతికి కుదిరిందనిపించాకే దాన్ని అమ్మాలా ఉంచుకోవాలా అని ఆలోచించండి. ఎక్స్‌ఛేంజ్‌లో దానికి కట్టే పది, పదిహేను వేల కోసం తొందరపడొద్దు.

చివరగా ఒక విన్నపం. మీలో ఎవరైనా ఈమధ్య సెకండ్‌హ్యాండ్ డి700 కొని ఉంటే ఒకసారి చూడండి. వెనక డయల్ పళ్లలో పసుపు గీత, ఫ్లాష్ తగిలించే హాట్‌షూ పక్కన ఎడమవైపు బియ్యపుగింజంత సొట్ట, స్ట్రాప్ రింగు ఒకవైపు ఇత్తడి తీగతో చుట్టి ఉంటుంది. అదైతే నాకు మెసేజ్ పెట్టండి, సీరియల్ నంబరు నా దగ్గర రాసి ఉంది, సరిచూసుకుందాం. మీరు కొన్న ధర మీద అయిదు వేలు ఎక్కువిచ్చి తీసుకుంటాను. ఇవ్వడం ఇష్టం లేకపోతే బలవంతం లేదు. దానితో తీసిన ఫొటో ఒకటి పంపండి.