మెయిల్ సర్వర్‌కి స్వాప్ పెంచాలా, ర్యామ్ కొనాలా?

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక ఎగుమతి ఆఫీసు అనుకోండి. 2 జీబీ ర్యామ్ ఉన్న పాత సర్వర్‌లో పోస్ట్‌ఫిక్స్ (మెయిళ్లు పంపేది, అందుకునేది), డవ్‌కాట్ (మెయిల్‌బాక్సులు తెరిచి చూపేది), క్లామ్‌ఏవీ (వైరస్‌లు పట్టేది). సీజన్‌లో మెయిళ్లు పోటెత్తగానే అది ఈసురోమంటుంది.

ఖర్చు: స్వాప్ ఫైలుకి, అంటే ర్యామ్ చాలనప్పుడు దాని బదులు వాడుకునే డిస్కు జాగాకి, పైసా అక్కర్లేదు. ర్యామ్‌కి డబ్బుతో పాటు పాత బోర్డుకి సరిపడే స్టిక్ వెతికే తిప్పలు.

శ్రమ: స్వాప్ నిమిషాల పని. ర్యామ్‌కి సర్వర్ ఆపాల్సిందే, ఆదివారం చూసుకోండి.

రిస్క్: అసలు పేచీ ఇక్కడే. క్లామ్‌ఏవీ వైరస్ సిగ్నేచర్లే (వైరస్‌ల ఆనవాళ్లే) జీబీకి పైగా ర్యామ్ తింటాయి. కొత్తవి లోడయ్యేటప్పుడు పాతవీ కొత్తవీ కాసేపు కలిసే మెమరీలో ఉంటాయి. ఆ కాసేపటికి స్వాప్ చాలు. అదీ లేకపోతే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఏదో ఒక ప్రాసెస్‌ని చంపేస్తుంది. కానీ రోజంతా స్వాప్ మీదే నడిస్తే, అదే డిస్కు మీదున్న మెయిల్ క్యూ (వెళ్లాల్సిన మెయిళ్ల వరస) కూడా నత్తనడకే. పైగా క్యూ ఉన్న పార్టిషన్‌లోనే పెద్ద స్వాప్ ఫైలు పెట్టి జాగా నింపేశారా, పోస్ట్‌ఫిక్స్ 452 (జాగా లేదు) అని చెప్పి కొత్త మెయిల్ తీసుకోదు. టెన్షన్ అప్పుడు మొదలు.

వీఎంస్టాట్ (vmstat) కమాండ్‌లో ఎస్ఐ (si, స్వాప్ నుంచి ర్యామ్‌కి వచ్చేది), ఎస్ఓ (so, ర్యామ్ నుంచి స్వాప్‌కి పోయేది) అంకెలు చూడండి. అప్పుడప్పుడు కదిలితే స్వాప్ సరిపోతుంది. పొద్దస్తమానం కదులుతుంటే ర్యామ్ కొనాల్సిందే. డిస్కే నిండిపోతుంటే రెండూ ఆపి, ముందు పాత మెయిళ్లని వేరే డిస్కుకి మార్చండి.